తెల్లవారుజామున మూడున్నరకి అరిచేది కోకిలేనా?

మీరు అడిగింది ఇదీ: మదనపల్లె శివార్లలో ఇల్లు, ఇంటి వెనక మామిడితోట. మార్చి నుంచి రోజూ తెల్లవారుజామున మూడున్నరకి ఒక పిట్ట గొంతు చించుకుని అరుస్తోంది. మీరు కోకిల అని రాసుకున్నారు. ఫోన్లో మెర్లిన్ అనే, పిట్టల అరుపుల్ని గుర్తుపట్టే ఆప్ పెట్టి చూస్తే ఒకరోజు కోకిల అంది, మర్నాడు కామన్ హాక్ కుకూ అంది. ఏది నమ్మాలి, అసలు చెవితో పిట్టల్ని పట్టడం నేర్చుకుంటే వస్తుందా, పుట్టుకతో రావాలా?

ముందు మొదటిదానికి చెప్తాను. ఆప్ రెండు రోజులూ నిజమే చెప్పి ఉండొచ్చు. మామిడితోటలో ఆ కాలంలో రెండూ ఉంటాయి, రెండూ చీకటి ఉండగానే మొదలుపెడతాయి, వెన్నెల రాత్రుల్లో అయితే వాటికి నిద్రే ఉండదు. ఒకే పిట్ట అని మనమే అనుకుంటాం, ఎందుకంటే మనం సగం నిద్రలో ఉంటాం, పైగా వేసవిలో చీకట్లో అరిచేది కోకిల అని చిన్నప్పటి నుంచీ మనసులో నాటుకుపోయింది.

తేడా చెప్పమంటే చాలామంది "కోకిల స్వరం పైకి ఎక్కుతూ పోతుంది" అంటారు. ఇదే ముంచేది. హాక్ కుకూ కూడా మెట్టు మెట్టుగా పైకే ఎక్కుతుంది. రెండూ ఎక్కి ఎక్కి ఒక్కసారిగా ఆపేస్తాయి, కాసేపాగి మళ్ళీ కింది నుంచి మొదలు. కాబట్టి ఎక్కుతోందా లేదా అని చూడకండి, ఒక్కో మెట్టులో ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టండి. మగ కోకిలది రెండు ముక్కలు: కు-ఊ. రెండోది సాగుతుంది, గుండ్రంగా ఉంటుంది, వెదురు గొట్టంలో ఊదినట్టు. హాక్ కుకూది మూడు ముక్కలు, నడిమి ముక్క మీద ఒత్తు పడుతుంది. గొంతు సన్నం, చురుకు, పైకి వెళ్ళేకొద్దీ పిచ్చెత్తినట్టు ఉంటుంది. ఇంగ్లీషు దొరలు వేసవి రాత్రుల్లో దీన్ని భరించలేక బ్రెయిన్ ఫీవర్ బర్డ్ అని పేరు పెట్టారు. వాళ్ళ మీద నాకు జాలేమీ లేదు గానీ, ఈ ఒక్క విషయంలో ఎందుకో అర్థమవుతుంది.

ఇదే మూడు ముక్కల్ని హిందీవాళ్ళు "పీ కహా", అంటే ప్రియుడెక్కడ, అని వింటారు. మరాఠీవాళ్ళకి "పావుస్ ఆలా", వాన వచ్చింది, అని వినిపిస్తుంది. బెంగాలీలకి "చోఖ్ గేలో", కళ్ళు పోయాయి. పిట్ట ఒకటే, అరుపు ఒకటే, వినేవాడి అవసరాన్ని బట్టి మాట మారిపోయింది. అందుకే పుస్తకాల్లో ఇచ్చే మాటల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆ మాట ఒకసారి బుర్రలో పడితే, ఆ తర్వాత మనం పిట్టని వినం, ఆ మాటనే వింటాం.

నాకు పనికొచ్చిన చిట్కా ఇంకొకటి ఉంది. పదో తరగతి తెలుగులో ఛందస్సు చదివారు కదా, లఘువు గురువు. ఇప్పటికీ నా నోట్‌బుక్‌లో పిట్టల అరుపుల్ని నిలువుగీత, యూ గుర్తులతోనే రాస్తాను. కోకిల లగం. "పీ కహా" లెక్కన హాక్ కుకూ ర గణం. గోధుమరంగు తల ఉండే పెద్ద ఆకుపచ్చ బార్బెట్ "కుట్రూ కుట్రూ" అంటుంది, సంయుక్తాక్షరం ముందు అక్షరం గురువు కాబట్టి అది రెండు గురువులు, గగం. మా తెలుగు మాస్టారు వింటే సంతోషించేవారో, చెవి మెలిపెట్టేవారో తెలీదు. ఇది పూర్తిగా సరిపోదని ముందే చెప్తున్నా, ఎందుకంటే ఆకులు కుట్టి గూడు కట్టే ఆ చిన్న కుట్టుపిట్ట "టువిట్ టువిట్" కూడా లగమే, దాన్ని కోకిల అని ఎవరూ పొరబడరు. నడకతో పాటు గొంతు లావు, వేగం కూడా పక్కన రాసుకోవాలి. కానీ మాట బదులు నడక రాసుకుంటే ఆర్నెల్ల తర్వాత చదివినా అది పిట్టలాగే వినిపిస్తుంది.

అన్నట్టు, పాడేవాళ్ళని కోయిలమ్మ అంటాం గానీ ఆ కు-ఊ అనేది మగదే. ఒంటి నిండా మచ్చలుండే గోధుమరంగు ఆడ కోకిల "కిక్-కిక్-కిక్" అని గబగబా అరుస్తుంది, పాట ఛాయలే ఉండవు. మీ తోటలో ఆ అరుపు కూడా వినిపిస్తుంటే, దానికి ఇంకో పిట్ట పేరు రాసేసి ఉంటారని నా అనుమానం, ఒకసారి నోట్స్ తిరగేయండి.

ఇక రెండో ప్రశ్న. పుట్టుకతో ఏమీ రాదు. నేను పాతికేళ్ళుగా వింటున్నాను, చేసిన తప్పుల్లో ముప్పాతిక వంతు చెవి చేసినవి కావు, మనసు చేసినవి. ఒకటి చెప్తాను, ఇప్పటికీ సిగ్గే.

మీ దగ్గరే, హార్స్‌లీ హిల్స్ వైపు రాతిగుట్టల్లో పసుపు గొంతు బుల్‌బుల్ ఉంటుంది. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పిట్ట. బండరాళ్ళు, వాటి మధ్య ముళ్ళపొదలు, అదే దాని ఇల్లు. అంతరించే ముప్పున్న పక్షుల జాబితాలో ఉంది, గ్రానైట్ కోసం గుట్టలు తవ్వేస్తుంటే దాని చోటు పోతోంది. ఇవన్నీ చదివి, రికార్డింగులు నాలుగైదు రోజులు అదేపనిగా విని, ఒక ఆదివారం గుట్ట ఎక్కాను. పైకి వెళ్ళానో లేదో బండ వెనక పొదలోంచి గబగబా నీళ్ళు పొంగినట్టు ఒక గోల, రెండు సెకన్లు, అంతే, మళ్ళీ నిశ్శబ్దం. నా గుండె ఆగింది. అదే! రాసేశాను. ఆ పొద్దుట మొత్తం ఆరు చోట్ల వినిపించింది, ఆరూ రాసేశాను. ఒక్కటీ కళ్ళతో చూడలేదు. ఇంటికొచ్చి అందరికీ చెప్పాను కూడా.

మరుసటి ఏడాది ఒక స్నేహితుడు వస్తే గర్వంగా అదే గుట్టకి తీసుకెళ్ళాను. ఆయన తొందర లేని మనిషి. అరుపు వినిపించిన పొదకి ఎదురుగా బండ మీద కూర్చుని కదల్లేదు. నలభై నిమిషాలు. నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి. చివరికి పొద పైకొమ్మ మీదికి ఒక మాసిపోయిన ఆకుపచ్చ పిట్ట వచ్చి, కంటి మీద తెల్లగీత, కంటి కింద తెల్లగీత, గొంతు తెల్లన, నోరు తెరిచి నా ఆరు రికార్డుల్నీ మా ముందే పాడేసింది. పొద పిగిలి. తెల్ల కనుబొమల బుల్‌బుల్. మన ఊళ్ళ చుట్టూ ఏ ముళ్ళపొదలో చూసినా ఉండేదే. ఈ రెండింటి అరుపులు చాలా దగ్గరగా ఉంటాయని నేను చదివే ఉన్నాను, కానీ గుట్ట ఎక్కేటప్పటికి నాకు పసుపు గొంతుదే కావాలి కాబట్టి అదే వినిపించింది. మా స్నేహితుడు ఏమీ అనలేదు, ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు.

ఇలాంటి తప్పు కోకిల, హాక్ కుకూ తప్పు లాంటిది కాదు. ముప్పున్న పిట్ట లేని గుట్ట మీద ఉందని రాస్తే, రేపు ఉన్న గుట్ట గురించి ఎవరైనా నిజం రాసినా నమ్మేవాళ్ళుండరు. అప్పటి నుంచి నాకు నేను పెట్టుకున్న నియమం: అరుదైనదాన్ని విన్నాననిపిస్తే, చూసేదాకా దగ్గరి బంధువు పేరే రాస్తాను. మామూలు పిట్టని మామూలుగా తప్పు రాస్తే ఎవరికీ నష్టం లేదు.

చెవి నిజంగా మోసపోయే సందర్భాలు వేరే ఉన్నాయి. మొదటిది, కావాలని మోసం చేసే పిట్టలు. కరెంటు తీగల మీద కూర్చునే నల్ల ఏట్రింత, పసుల పోలిగాడు అని కూడా అంటారు, జాలె డేగ అరుపుని అచ్చు దించేస్తుంది. దానికి కారణమూ ఉంది, డేగ గొంతు వినగానే గోరింకలు తింటున్న పురుగుని వదిలి పారిపోతాయి, ఇది వెళ్ళి ఆ పురుగుని తినేస్తుంది. మా ఊరి చెరువు గట్టు మీద నెలరోజులపాటు రోజూ "డేగ, వినబడింది" అని రాసిన మహానుభావుణ్ణి నేను. అడవుల్లో ఉండే పెద్ద రాకెట్ తోక ఏట్రింత ఇంకా ఘనుడు, తలకోనలో ఒకే కొమ్మ మీంచి వరసగా నాలుగు పిట్టల గొంతులు వినిపిస్తే, అక్కడ నాలుగు పిట్టలున్నాయని అనుకోకండి. ఆకుపచ్చగా ఆకుల్లో కలిసిపోయే లీఫ్‌బర్డ్ కూడా అంతే, చుట్టుపక్కల వినేవన్నీ దించుతుంది. గుర్తేమిటంటే, దొంగగొంతు ఒక్కో ముక్క పలికి వెంటనే ఇంకోదానికి మారిపోతుంది, అసలు పిట్ట తన ఒక్క అరుపునే పట్టుకుని కూర్చుంటుంది.

రెండోది ఉడుత. నవ్వకండి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు నాకు పంపే "ఇది ఏం పిట్ట" రికార్డింగుల్లో ఉడుతలే ఎక్కువ. "చిక్ చిక్ చిక్ చిక్" అని చెట్టు మీంచి పావుగంట ఆపకుండా, పిట్ట గొంతుతోనే. ఒకసారి దగ్గర్నుంచి చూస్తే ఇక మర్చిపోరు. మా పెరటి గోడ మీద పిల్లి నడిచి వెళ్తోంది, వేపచెట్టు మొదటి కొమ్మ మీద ఉడుత తలకిందులుగా అతుక్కుని ఉంది, ఒక్కో చిక్‌కీ తోక ఒక్కో ఎగురు, తాడు పట్టి లాగినట్టు. పిల్లి గోడ దిగి పక్కింటికి పోయాక కూడా అరుపు ఆగలేదు, నెమ్మదించింది అంతే. అరుపు నడక అసలు మారకుండా, ఎక్కువసేపు, పగలు, పిల్లో కాకో దగ్గర్లో ఉన్నప్పుడు అయితే ముందు ఉడుతని వెతకండి.

మూడోది దిక్కు. కంసాలి పిట్ట తెలుసు కదా, రావిచెట్టు మీద నుంచి రాగి పాత్ర మీద సుత్తితో కొట్టినట్టు టుంక్ టుంక్ అంటుంది, నిమిషానికి 108 నుంచి 121 సార్ల దాకా కొలిచారు దాన్ని. అది ఒకే కొమ్మ మీద కూర్చుని తల అటూ ఇటూ తిప్పుతూ అరుస్తుంది, తల తిప్పినప్పుడల్లా శబ్దం దగ్గరికొచ్చినట్టూ దూరం పోయినట్టూ ఉంటుంది. నేను మొదట్లో రెండు పిట్టలు ఒకదానికొకటి జవాబిస్తున్నాయని రాసుకున్నాను. బైనాక్యులర్ పెట్టి చూస్తే ఒక్కటే. పైగా ముక్కు తెరవనే తెరవదు, ప్రతి టుంక్‌కీ గొంతు పక్కన చర్మం రబ్బరు బంతిలా ఉబ్బి తగ్గుతుంది, అంతే. నోరు తెరిచిన పిట్ట కోసం వెతికితే ఇది ఎప్పటికీ దొరకదు.

మెర్లిన్ గురించి. మంచిదే, నేనూ వాడతాను. కానీ దాన్ని పక్కన కూర్చున్న తెలివైన కుర్రాడిలా వాడండి, జడ్జిలా కాదు. "ఇదేమో చూడు" అంటుంది, చూడాల్సింది మనమే. ఏట్రింత డేగలా అరిస్తే మెర్లిన్ కూడా డేగ అనే చెప్పే అవకాశమే ఎక్కువ. దూరం ఎక్కువైనా, ట్రాక్టర్ నడుస్తున్నా, ఇద్దరు మాట్లాడుకుంటున్నా తడబడుతుంది. దాంట్లో నాకు బాగా నచ్చేది పేరు కాదు, పైన కదిలే ఆ శబ్దచిత్రం. మీ మూడున్నర పిట్ట రెండు గీతలు గీస్తోందా మూడు గీస్తోందా అన్నది చెవికి అనుమానమైనా కంటికి తెలిసిపోతుంది. ఇంకో స్వార్థం కూడా ఉంది. యాభై దాటాక సన్నటి శబ్దాలు చెవికి అందడం తగ్గుతుంది. తేనెపిట్టలు మందారం మీద "చిప్ చిప్" అంటుంటే ఫోన్లో గీతలు కనిపిస్తాయి, నాకేమో నిశ్శబ్దం. మా అమ్మాయి "నాన్నా, నీకు నిజంగా వినిపించట్లేదా" అంటుంది. మీది చిన్న వయసే అయితే ఆ సన్నగొంతు పిట్టల్ని ఇప్పుడే నేర్చేసుకోండి.

చెవి ఎందుకింత ముఖ్యం అనేవాళ్ళకి నేను చెప్పేది కలివికోడి సంగతి. ఇంగ్లీషు డాక్టరు, పక్షుల పరిశోధకుడు జెర్డాన్ 1848లో కనుగొన్న పిట్ట, 1900 తర్వాత ఎవరికీ కనపడకపోతే అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే ఊరిమనిషికి దొరికింది, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ అది కలివికోడేనని తేల్చారు. లంకమల అడవి అంచు ముళ్ళపొదల్లో, రాత్రిపూట మాత్రమే తిరిగే పిట్ట, కళ్ళతో వెతికితే ఎన్ని ఏళ్ళు పడుతుందో చెప్పలేం. దాని అరుపు మొదటి రికార్డింగుల వివరాలు పక్షి పరిశోధకుడు జెగనాథన్, ఆయన సహచరుడు 2004లో ప్రచురించారు. "క్విక్-కూ, క్విక్-కూ", పొద్దు గూకిన ముప్పావు గంటకి, కొన్ని నిమిషాలు మాత్రమే. ఆలోచించండి, దానికి ముందు ఆ పొదల పక్కన మేకలు తోలుకుంటూ వెళ్ళిన ఎంతమంది దాన్ని విని, ఏ తీతువో అనుకుని దాటిపోయి ఉంటారో.

మన బయట పొలాల్లో ఇంకో ఉదాహరణ ఉంది, తక్కువమందికి తెలుసు. బుష్ లార్క్ అని నేల మీద తిరిగే చిన్న మట్టిరంగు పిట్టలు రెండు రకాలు, చూస్తే ఒకేలా ఉంటాయి. ఒకటి పైకెగిరి రెక్కలు ఎత్తిపట్టి గొడుగులా దిగుతూ పాడుతుంది. జెర్డాన్ పేరుతో ఉన్న రెండోది ఎక్కువగా పొద మీదో కరెంటు తీగ మీదో కూర్చుని ఇనుపతీగ గీకినట్టు సన్నగా గరగరమంటుంది. ఈ రెండోదాన్ని చాలాకాలం ఇంకో లార్క్‌లో ఒక రకంగానే లెక్కేశారు, స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఆల్‌స్ట్రోమ్ పాటల తేడా పట్టుకునే 1998లో విడదీశారు. అంటే చెవితో కాకపోతే అది వేరే పిట్ట అనే తెలిసేది కాదు.

ఇక మీరు చేయాల్సింది. యూట్యూబ్‌లో "భారతీయ పక్షుల 100 అరుపులు" లాంటివి పెట్టుకుని వినడం మానేయండి, ఏమీ ఎక్కదు, ఎక్కినదీ కలగాపులగమవుతుంది. మీ తోటలో ఇప్పుడున్నవే పది పన్నెండు ఉంటాయి: కాకి, గోరింక, పిగిలిపిట్ట, కోకిల, కుట్టుపిట్ట, తేనెపిట్ట, జెముడు కాకి, కంసాలి, పెద్ద నల్లంచి. ఒక నెలకి ఒక్కదాన్నే తీసుకోండి. దాని అరుపు వినగానే లేచి వెళ్ళి చూడండి, తెలుసని అనిపించినా సరే చూడండి, నోరు కదులుతుండగా చూడండి. పిగిలిపిట్ట ఒక్కటే ఎన్ని రకాలుగా అరుస్తుందో తెలిశాక, "ఇది ఏదో కొత్త పిట్ట" అని ఎగిరి గంతేయడం సగం తగ్గిపోతుంది. జెముడు కాకి "ఊప్ ఊప్ ఊప్" అని లోతుగా అంటే గుడ్లగూబ అని భయపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఒక్కసారి ఎర్రరెక్కలతో కంచె మీద కూర్చుని అరవడం చూస్తే ఆ భయం పోతుంది.

ఇంకోటి, పట్టుబట్టి ప్రతి అరుపుకీ పేరు పెట్టకండి. నా నోట్‌బుక్‌లో ఇప్పటికీ ప్రతి పేజీలో రెండు మూడు "తెలీదు, పొదలో, మూడు ముక్కలు, సన్నం" అని ఉంటాయి. వాటిలో కొన్నింటికి నాలుగేళ్ళ తర్వాత పేరు దొరికింది. తప్పు పేరు రాసి ఉంటే మళ్ళీ వెనక్కి తిరిగి చూసేవాణ్ణే కాదు. చలికాలంలో వచ్చే చిన్న చిన్న ఆకుపచ్చ వార్బ్లర్‌ల దగ్గర అయితే ఈ "తెలీదు" చాలా ఎక్కువ, వాటిని ఇప్పుడే ముట్టుకోకండి, రెండేళ్ళు ఆగండి.

పిట్టని బయటికి రప్పించడానికి దాని అరుపే ఫోన్లో మోగించడం మాత్రం వద్దు. గూడు కట్టే కాలంలో తన చోటులోకి ఇంకో మగది వచ్చిందనుకుని పనులన్నీ మానుకుని అల్లాడిపోతుంది. మా స్నేహితుడిలా నలభై నిమిషాలు కూర్చోవడమే నయం, కింద ఏదైనా పరుచుకుని కూర్చోండి, బండ కాలుతుంది.

మీ మూడున్నర పిట్ట సంగతి ఇలా చేయండి. రేపు మెలకువ రాగానే లైటు వేయకుండా కిటికీ దగ్గర ఫోన్ పెట్టి ఐదు నిమిషాలు రికార్డ్ చేయండి, ఫ్యాన్ ఆపేయండి. ఒక మెట్టుకి ఎన్ని ముక్కలో వేళ్ళ మీద లెక్కపెట్టండి. అలాగే మొదలుపెట్టిన టైమూ, ఆపిన టైమూ. తర్వాత రోజు కూడా అదే. రికార్డింగ్ ఇక్కడ పెట్టండి, వింటాను. మూడు ముక్కలు వచ్చాయంటే మాత్రం జూన్‌లో వాన పడేదాకా ఆ కిటికీ పక్కన పడుకునే ఆలోచన మానుకోండి.